పస్తున్న పాముపిల్ల



రెండు నెలల కిందట ఒకనాడు తెల్లవారకముందే మా ఇంట్లో ఫోను మోగింది. ఆ వేళప్పుడు ఫోను మోగితే పెద్దవాళ్లకు గుండె దడ. తీసి చూద్దును గదా, అమెరికాలో టెక్సాసు రాష్ట్రంలో ఉన్న మా మనవడు! వాడికి పదేళ్లు. అక్కడ అప్పుడు సాయంత్రం.

"తాతయ్యా, నా పాము ఏమీ తినటం లేదు. చచ్చిపోతుందేమో!" అని ఏడుపు.

పాము అన్న మాట వినగానే వాడి అమ్మమ్మ ఉలిక్కిపడి లేచి కూర్చుంది. సంగతి చెప్పాక కాస్త స్థిమితపడి, "పాపం, ఓ చుక్క పాలు పొయ్యమనండి" అన్నది. నాగులచవితి నాడు మనం పుట్టలో పాలు పోస్తాం. అది మన భక్తి. పాముకు మాత్రం పాలు ఆహారం కాదు, అరగవు కూడాను. పాములన్నీ మాంసాహారులే.

వాడి దగ్గర ఉన్నది మొక్కజొన్న పాము. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలు దాని పుట్టిల్లు. విషం లేదు. నారింజరంగు ఒంటి మీద ఎర్రని మచ్చలుంటాయి. మొక్కజొన్న కొట్లలో ఎలుకల కోసం తిరుగుతుంది కనుక ఆ పేరు వచ్చిందని కొందరూ, దాని పొట్ట మీది గళ్లు రంగురంగుల మొక్కజొన్న గింజల్లా ఉంటాయి కనుక వచ్చిందని మరికొందరూ అంటారు. పెరిగితే నాలుగైదు అడుగులు ఉంటుంది. మనం కుక్కనూ పిల్లినీ పెంచినట్టు అక్కడ కొందరు దీన్ని పెంచుతారు. మీరు మాత్రం ఇది చదివి పొలంలో పామును పట్టుకురాకండి సుమా! మన దేశపు పాములను పట్టి ఇంట్లో ఉంచటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పైగా ఏది విషప్పామో పోల్చుకోవటం పెద్దలకే కష్టం.

పక్కింటివారి పాము గుడ్లు పెట్టింది. సుమారు అరవై రోజులకు పిల్లలు బయటికి వచ్చాయి. అందులో ఒకదాన్ని వీడికి ఇచ్చారు. పెన్సిలుకన్న సన్నం, జానెడు పొడుగు. మూడు వారాలయినా ఒక్క ముద్ద ముట్టలేదు.

బడిలో ముప్పై ఏళ్లు పిల్లలను ప్రశ్నలడిగిన అలవాటు నాది. వాణ్ణీ అడిగాను.

"రోజుకు ఎన్నిసార్లు దాన్ని చేతిలోకి తీసుకుంటున్నావు?"

"మా స్నేహితులు వచ్చినప్పుడల్లా, తాతయ్యా."

"ఎక్కడ ఉంచావు?"

"పెద్ద గాజు తొట్టిలో. అంతా కనిపిస్తుంది."

"అది దాక్కోటానికి చోటున్నదా? వెచ్చగా ఉన్నదా?"

వాడు మాట్లాడలేదు.

చూశారా! అడవిలో పాముపిల్లను గద్ద తింటుంది, పెద్ద పాము తింటుంది. దాగటానికి చోటు లేకపోతే దానికి ప్రాణభయమే గాని ఆకలి ఎక్కడిది? వేడి సంగతి మరీ ముఖ్యం. మన ఒంట్లో వేడి మన ఒళ్లే పుట్టించుకుంటుంది. పాము అలా కాదు. బయట వేడి ఉంటేనే దానికి తిన్నది అరుగుతుంది. చలిగా ఉంటే తిన్నది పొట్టలోనే కుళ్లుతుంది, లేదా కక్కేస్తుంది. అందుకని చలిలో ఉన్న పాము తిననే తినదు.

ఇంకో సంగతి. గుడ్డు నుంచి వచ్చిన పాముపిల్ల కడుపులో కొంత పచ్చసొన మిగిలి ఉంటుంది. తల్లి కట్టి ఇచ్చిన దారిబత్తెం అన్నమాట. వారం పది రోజులకు మొదటి కుబుసం విడుస్తుంది. ఆ తరవాతే సాధారణంగా తిండి కోసం చూస్తుంది. ఒంట్లో వేడి పుట్టించే ఖర్చు లేదు కనుక మనలా పూటపూటా తినక్కరలేదు.

"అయితే భయం లేదా?" అన్నాడు వాడు.

"భయం ఉన్నదో లేదో నన్నడగకు, తూకాన్ని అడుగు. వారానికి ఒకసారి తూచి నోటుబుక్కులో రాయి. పాముల సంగతి తెలిసిన పశువైద్యుడికి కూడా చూపించమని మీ అమ్మతో చెప్పు" అన్నాను.

మర్నాడు తూచి 6.8 గ్రాములు అని రాశాడు. వైద్యుడు చూసి, ఒళ్లు గట్టిగానే ఉన్నది, వెన్నెముక బయటపడితే మాత్రం వెంటనే తీసుకురండి అన్నాడట.

ఇక మా ప్రయోగం మొదలయింది. ఒక వారం దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. గాజు తొట్టి తీసి చిన్న పెట్టె పెట్టాడు. ఒక పక్క 30 డిగ్రీల వేడి, రెండో పక్క 24. రెండు పక్కలా దాక్కోటానికి గూళ్లు, చిన్న గిన్నెలో నీళ్లు. వేడి హద్దు దాటకుండా ఆపే యంత్రం వాళ్ల నాన్న అమర్చాడు.

వారం తరవాత సాయంకాలం తిండి పెట్టాడు. ఏమి తిండి అంటారా? వెంట్రుకలైనా మొలవని చిట్టెలుక పిల్ల. చచ్చిన వాటినే గడ్డకట్టించి అక్కడి అంగళ్లలో అమ్ముతారు. దాన్ని చల్లదనం విడిచేదాకా ఉంచి, వేడినీళ్లలో వెచ్చజేసి, తుడిచి, పొడుగాటి పట్టుకారుతో అందించాలి. పాము అందుకోకపోతే పక్కనే వదిలి దీపం ఆర్పి వెళ్లిపోవాలి. తెల్లారేదాకా తొంగిచూడకూడదు. అన్నిటిలో వాడికి ఇదే కష్టమయింది!

పొద్దున చూస్తే ఎలుకపిల్ల పెట్టింది పెట్టినట్టే ఉన్నది. తూకం 6.6.

ఇక్కడ నేను మీకొక పాత సంగతి చెప్పాలి. నేను మీ అంత ఉన్నప్పుడు మా పెంకుటింటి చూరులోంచి ఉడుతపిల్ల ఒకటి కింద పడింది. కళ్లైనా తెరవలేదు. పాలు పోస్తే నోరు మూసుకున్నది. నాకు కోపం వచ్చింది. నోరు బలవంతంగా తెరిచి ఇంకు ఫిల్లరుతో పాలు పోశాను. "తాగింది, తాగింది!" అని గంతులు వేశాను. ఆ పాలు ఊపిరి గొట్టంలోకి పోయాయని నాకు తెలియదు. తెల్లారేసరికి అది చచ్చిపోయింది. యాభై ఏళ్లు దాటినా అది నా అరచేతిలో ఉన్నట్టే ఉంటుంది.

అందుకే వాడు "తాతయ్యా, నోట్లో కుక్కి పెట్టనా?" అన్నప్పుడు నేను గట్టిగా వద్దన్నాను. పాముకు ఊపిరి ద్వారం నోటి అడుగునే ఉంటుంది. దవడలు సున్నితం. ఆ పని అవసరమయితే వైద్యుడు చేస్తాడు, మనం కాదు.

మరి ఏమి చెయ్యాలి? పాము ఎలా ఆలోచిస్తుందో మనం ఆలోచించాలి. పాము నాలుక చాచి ఆడించేది బెదిరించటానికి కాదు, వాసన చూడటానికి. గాలిలోని వాసన కణాలను రెండు చీలికల నాలుక లోపలికి తెస్తుంది. నోటి కప్పులో జాకబ్సన్ అవయవం అనేది ఉన్నది. అది ఆ వాసనను పసిగడుతుంది. అమెరికా శాస్త్రజ్ఞుడు గోర్డన్ బర్గార్ట్ 1967లో ఒక ముచ్చటైన ప్రయోగం ప్రకటించాడు. ఇంకా ఏమీ తినని పసి పాములకు రకరకాల జంతువుల వాసన పట్టించిన దూది చూపించాడు. ఏ జాతి పాము సహజంగా ఏది తింటుందో, దాని పిల్ల ఆ వాసనకే ఎక్కువగా నాలుక ఆడించి మీదికి దూకింది. ఎవరూ నేర్పలేదు. పుట్టుకతోనే తెలుసు!

అడవిలో మొక్కజొన్న పాము పిల్ల చిన్నప్పుడు ఎక్కువగా తినేది బల్లులనూ చెట్టుకప్పలనూ. ఎలుకలు పెద్దయ్యాక. అంటే మనవాడి పాము మొండికెయ్యలేదు. దాని లెక్కలో ఆ ఎలుకపిల్ల తిండే కాదు!

ఒకేసారి అన్నీ మార్చవద్దన్నాను. అన్నీ మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు గదా. ఆరు రోజులు ఆగి, ఎలుక వాసన పోయేలా ఎలుకపిల్లను మంచినీళ్లతో కడిగి పెట్టాడు. తినలేదు. తూకం 6.5. మళ్లీ ఆరు రోజులు ఆగాడు. ఈసారి బల్లి వాసన గల ద్రవం అంగడిలో కొని, కడిగిన ఎలుకపిల్లకు రాశాడు. తోటలో బల్లులను పట్టి రుద్దవద్దన్నాను, వాటి నుంచి పాముకు పరాన్నజీవులు అంటవచ్చు. గాలికి కన్నాలున్న చిన్న డబ్బాలో పామునూ తిండినీ పెట్టి చీకట్లో ఉంచాడు.

మర్నాడు వాడి నోటుబుక్కు ఫొటో వచ్చింది. ఇలా రాసి ఉన్నది: "రాత్రి 8 గంటలకు పెట్టాను. ఉదయం 6 గంటలకు ఎలుకపిల్ల లేదు. పాము నడుములో చిన్న ఉబ్బు ఉన్నది. నేను ముట్టుకోలేదు."

ఆ ఆఖరి మాట చదివి నేను చాలా సంతోషించాను. తిన్న పామును రెండు రోజులపాటు కదిలిస్తే కక్కేస్తుంది. ముట్టుకోకుండా ఉండటం వాడు నేర్చుకున్నాడు. ఇప్పుడు పూటపూటకూ బల్లి వాసన కొంచెం కొంచెం తగ్గిస్తున్నాడు. పెట్టె ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుగుతున్నాడు. పాముల ఒంటి మీద జబ్బు చేసే క్రిములు ఉండవచ్చు.

ఈ నెల మీకొక పని. సాయంకాలం దీపం దగ్గర గోడ మీది బల్లిని దూరం నుంచి చూడండి. పురుగును చూశాక దూకటానికి ఎంతసేపు ఆగుతుందో లెక్కపెట్టి, అయిదు సార్లు రాయండి. దాన్ని కదిలించవద్దు. ఆగటం మీకు చేతనవుతుందో దానికి చేతనవుతుందో తేలుతుంది!

మీ తాతయ్య మాస్టారు