వేళాంగణిలో నేను చేసిన తప్పు



నేను వేళాంగణి పోయొచ్చినానని తెలిసి మన హాస్టల్లో రెండు మాటలు వినపడినాయి. "వాళ్ల గుడికి మనమెందుకు?" అని కొందరు. "ఊరికే చూసొస్తే ఏమైతుంది?" అని ఇంకొందరు. నాకు రెండూ సరి కాదనిపిస్తుంది.

మా మామ జీపు డ్రైవరు. దసరా సెలవుల్లో ఊర్లోని క్రైస్తవులు బాడుగకు మాట్లాడుకుంటే నన్నూ ఎక్కించుకున్నాడు. వేళాంగణి తమిళనాడులో నాగపట్నం దగ్గర సముద్రం ఒడ్డున ఉంది. తుఫానులో చిక్కి బతికి బయటపడిన పోర్చుగీసు నావికులు మొక్కు తీర్చుకోను అక్కడ మాత గుడి కట్టినారని చెప్తారు. మజ్జిగ అమ్మే కుంటి పిల్లోనికి మాత కనపడి నడక ఇచ్చిందని ఇంకో కథ. 1962లో పోపు ఆ గుడికి బసిలికా అనే హోదా ఇచ్చినాడు. ఏటా ఆగస్టు 29న జెండా ఎత్తి, సెప్టెంబరు 8 దాకా ఉత్సవం చేస్తారు. గుండ్లు, టెంకాయలు, మొక్కులు అన్నీ మన తిరుపతి మాదిరే.

అక్కడ ఇసుక బాటలో ఒక అవ్వ మోకాళ్ల మీద పోతా ఉంది. నేనూ, జీపులో వచ్చిన ఇంకో పిల్లోడూ చూసి నగినాము. వాడు సెల్లులో ఫోటో కూడా తీసినాడు. అవ్వ తిరిగి చూసి, "ఏ ఊరు నాయనా?" అని తెలుగులోనే అడిగింది. సిగ్గుతో ఊరి పేరు కూడా చెప్పలేకపోయినా.

అప్పుడు గుత్తి దగ్గరి సేవాగఢ్ గుర్తొచ్చింది. ఫిబ్రవరి 15న సేవాలాల్ మహారాజ్ జయంతికి వేరే రాష్ట్రాల నుంచి కూడా మనవాళ్లు వస్తారు. అక్కడ మా అవ్వ భోగ్ పెట్టి కండ్లు మూసుకున్నప్పుడు ఎవరైనా ఫోటో తీసి నగితే నేను ఊరుకుంటానా?

కాబట్టి నా అభిప్రాయం ఇది. పోవాల. పోకుంటే ఆ అవ్వ కూడా మా అవ్వలాంటిదే అని నాకు తెలిసేది కాదు. కానీ జూకు పోయినట్ల పోగూడదు. మొక్కేవాళ్లను మొక్కనీయాల. నమ్మకం లేనివాళ్లు వెనక నిలబడి గమ్మున చూడొచ్చు. "పోతే మతం మారిపోతావు" అని ఒకడు అన్నాడు. నేను సేవాలాల్ బిడ్డగానే పోయినా, అట్లనే తిరిగొచ్చినా.

వార్డెన్ సారుకు ఒక మనవి. ఈసారి ఎక్స్‌కర్షన్‌లో గుడికైనా, చర్చికైనా, పెనుకొండ దర్గాకైనా తీస్కపోయేముందు ఆ చోటు కథ, అక్కడి పద్ధతి మాకు చెప్పండి సార్. తెలిస్తే మేము నగము.

— ఒక తొమ్మిదో తరగతి విద్యార్థి, గార్లదిన్నె