నగీనా దొంగ ఎవరు?



పోయినేడాది మా ఖాలా వాళ్ళింట్లో వలీమా. రాత్రి పదకొండు దాటింది. దస్తర్‌ఖాన్ ఎత్తేశారు, మెహమాన్‌లు సగం మంది వెళ్ళిపోయారు. అప్పుడు చూసుకుంది దుల్హన్. వేలికి అంగూఠీ ఉంది, అందులో జమర్రుద్ లేదు. నాలుగు బంగారు గోళ్ళు ఖాళీ గూడు చుట్టూ నిలబడి ఉన్నాయి.

ఇక వెతుకులాట. ఎంగిలి పళ్ళాలు, ఖాళీ డేగ్‌లు, ఖడా దుపట్టా మడతలు, కారు సీట్ల సందులు. ఎక్కడా లేదు. వెతికి వెతికి అందరి కళ్ళూ పెరట్లో గిన్నెలు తోముతున్న పిల్ల మీద ఆగాయి. నోరు తెరిచి ఎవరూ ఏమీ అనలేదు. అనకపోయినా ఆ పిల్లకి అర్థమైంది. తనే లేచి చున్నీ కొంగు ముడి విప్పి, దులిపి చూపించి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి పనికి రాలేదు.

వారం తర్వాత ఆ అంగూఠీని ఒక ముసలి కారీగర్ దగ్గరికి తీసుకెళ్ళాం. కంటికి అద్దం పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. "బేటీ, దీన్ని ఎవ్వరూ తియ్యలేదు. అదే జారిపోయింది" అన్నాడు. అది సాస్ పాత అంగూఠీ. నిఖాకి ముందు కోడలి వేలికి సరిపోయేలా సైజు తగ్గించారు, కొత్తదానిలా మెరవాలని పాలిష్ కొట్టించారు. పాలిష్ అంటే ఏమిటి? పైపొర బంగారాన్ని కాస్త అరగదియ్యడమే. ఎన్నిసార్లు పాలిష్ పెడితే అన్నిసార్లు ఆ గోళ్ళ కొసలు పల్చబడతాయి. సైజు మార్చడానికి ఉంగరాన్ని కోసి వంచినప్పుడు గూడు కూడా కాస్త ఒరుగుతుంది. మా అంగూఠీలో ఒక గోరు కాగితమంత పల్చగా అయిపోయింది, ఇంకోటి రాయిని తాకడమే లేదు. మెరుపు మాత్రం మాషా అల్లాహ్, కళ్ళు చెదిరేలా ఉంది.

మన ఇళ్ళలో జేవర్ కొనడానికి వెళ్తే ఏం అడుగుతాం? తులం ధర ఎంత, తరుగు ఎంత, మజూరీలో ఎంత తగ్గిస్తావు. గంటసేపు బేరం. రాయిని ఏది పట్టుకుని ఉంది, ఎంత గట్టిగా పట్టుకుని ఉంది అని ఒక్కరం అడగం. నా ఉద్దేశంలో దుకాణ్‌దార్ చేసే కసూర్ కంటే ఇది పెద్దది. అడగని దాని మీద అతను మాత్రం ఎందుకు మెహనత్ చేస్తాడు?

గోళ్ళ సెట్టింగ్‌లో అసలు పని పైకి కనబడదు. రాయి నడుము దగ్గర ఎంత వాలు ఉందో చూసి, సరిగ్గా అంత వాలులో గోరు లోపలి వైపు గాడి కొయ్యాలి. రాయి ఆ గాడిలో కూర్చోవాలి. ఆ తర్వాతే గోరుని పైకి వంచి నొక్కాలి. తొందరలో ఉన్నవాడు గాడి సరిగా కొయ్యకుండా గోరుని వంచేస్తాడు. దుకాణంలో చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. తేడా తెలిసేది ఆర్నెల్ల తర్వాత, గోరు దుపట్టా దారాన్ని పట్టి లాగినప్పుడు. మొనదేలిన రాళ్ళుంటాయి చూడండి, బాదం ఆకారంవి, చుక్క ఆకారంవి. వాటి మొన చిట్లకుండా అక్కడ వి ఆకారపు గోరు ఉండాలి. నాలుగు గోళ్ళలో ఒకటి పోతే రాయి పోయినట్టే. ఆరు ఉంటే ఒకటి పోయినా మిగతావి కొన్నాళ్ళు ఆపుతాయి.

ఇంకో మాట చెప్తే మా అమ్మీకి కోపం వస్తుంది. 916 బంగారం, అంటే 22 క్యారెట్లు, మెత్తన. గాజులకీ గొలుసులకీ ఖూబ్. రాయిని పట్టుకునే సన్నటి గోళ్ళకి మాత్రం 750 బంగారం, అంటే 18 క్యారెట్లది, గట్టిగా నిలుస్తుంది. "తక్కువ బంగారమా, ధోఖా" అంటారు మన పెద్దలు. బంగారం తక్కువే, అందుకు తగ్గట్టు ధర కూడా తక్కువ తీసుకోవాలి. అలా తీసుకుంటే ధోఖా ఎక్కడుంది?

22 క్యారెట్లే కావాలంటే రాయి చుట్టూ అంచు కట్టించండి. మా దాదా చేతి చాందీ ఉంగరం గుర్తుంది. ఎర్రటి అఖీఖ్, చుట్టూ వెడల్పుగా వెండి అంచు. రోజుకి ఐదుసార్లు వుజూ, పొలం పని, సైకిల్ హ్యాండిల్. ఆయన ఇంతిఖాల్ అయ్యేదాకా ఆ రాయి కదల్లేదు. మగవాళ్ళ అఖీఖ్, ఫిరోజా ఉంగరాలు అలా అంచు కట్టి చేసేవాళ్ళు, అందుకే నిలిచేవి. ఆడవాళ్ళ అంగూఠీలకి వచ్చేసరికి రాయి పెద్దగా కనబడాలి, వెలుతురు లోపలికి పోవాలి అని బంగారం తగ్గిస్తూ పోయాం.

ఏ రాయికి ఏ పట్టు అన్నది కూడా ఉంది. యాఖూత్, నీలమ్ గట్టివి, హీరా వాటికంటే గట్టిది, గోళ్ళు నొక్కినా తట్టుకుంటాయి. జమర్రుద్‌లో పుట్టుకతోనే సన్నటి చీలికలుంటాయి. వాటిలో నూనె పట్టించి అమ్ముతారు. గోరుని గట్టిగా నొక్కితే చిట్లుతుంది, దుకాణాల్లో నగలు కడిగే అల్ట్రాసోనిక్ మెషీన్‌లో వేస్తే నూనె పోయి చీలికలు బయటపడతాయి. ఫిరోజా మెత్తన, పైగా సబ్బునీ అత్తర్‌నీ పీల్చి రంగు మారుతుంది. ఈ రెండింటికీ అంచు కట్టడమే సలామత్.

జడావి లచ్ఛా, చింతాక్ సంగతి వేరు. వాటిలో గోళ్ళే ఉండవు. బంగారు గూడులో లక్క నింపి, రాయి కింద మెరిసే రేకు పరిచి, రాయిని కూర్చోబెట్టి, చుట్టూ కుందన్ దూరుస్తారు. కుందన్ అంటే రాయి కాదు, చాలామంది అలాగే అనుకుంటారు. ఖాలిస్ బంగారాన్ని పల్చటి పట్టీలుగా చేసినది కుందన్. అంత స్వచ్ఛమైన బంగారం కాబట్టి వేడి లేకుండానే, ఉక్కు పనిముట్టుతో నొక్కితే పొర పొరకి అతుక్కుంటుంది. సరిగా నొక్కితే తరాలు నిలుస్తుంది. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్లకి కొన్న నిజాం జవాహిరాత్‌లో ఇలాంటి పని చూడొచ్చు. (అదే ఖజానాలోని జాకబ్ హీరా, 184.75 క్యారెట్లది, ఏ పొదుగూ లేకుండా మహబూబ్ అలీ పాషా జూతీ కొసలో పడి ఉండిందట. ఆయన కొడుకు దాన్ని కాగితాల మీద బరువుగా పెట్టుకున్నాడు. అంత గొప్ప రాయికే గూడు దొరకలేదు!) కుందన్‌కి దుష్మన్‌లు వేడీ తేమా. వేడికి లక్క మెత్తబడుతుంది, అత్తరో చెమటో లోపలికి దిగితే రేకు నల్లబడుతుంది. జడావి నగని వేడినీళ్ళలో కడగొద్దు, అత్తర్ పూసుకున్నాక వేసుకోవద్దు.

ఈ నగల్లో తూకం గొడవ కూడా ఉంది. 2021లో హాల్‌మార్క్ తప్పనిసరి చేసినప్పుడు కుందన్, పోల్కీ, జడావు నగలకి మినహాయింపు ఇచ్చారు. అంటే మీ చేతిలో మిగిలేది రసీదు ఒక్కటే. అందులో మొత్తం తూకం, రాళ్ళ తూకం, లక్క తూకం, నికరం బంగారం విడివిడిగా రాయించుకోండి. రాళ్ళు ఎన్నో కూడా లెక్క రాయించండి. మన హనఫీ ఘరానాల్లో జకాత్ తీసేది బంగారం మీద. తిజారత్ కోసం కాకుండా వాడుకకి ఉంచుకున్న రాళ్ళ మీద కాదు, లక్క మీద అసలే కాదు. నికరం బంగారం ఎంతో తెలియకపోతే ప్రతి రమజాన్‌లోనూ అందాజా లెక్కే.

ఇంట్లో చూసుకోవడం కష్టం కాదు. నగని చెవి దగ్గర పెట్టుకుని వేలితో మెల్లగా తట్టండి, లోపల టకటక వినబడితే రాయి వదులైనట్టే. పల్చటి గుడ్డతో తుడవండి, దారం ఎక్కడైనా చిక్కుకుంటే అక్కడ గోరు లేచింది. ఇన్‌స్టంట్ గమ్ చుక్క మాత్రం వెయ్యకండి. అది కొన్నాళ్ళు ఆపుతుంది, తర్వాత బాగుచేసేవాడికి గాడిలో గమ్ గీకడమే పని అవుతుంది. అరిగిన గోటి కొసకి ఇప్పుడు లేజర్‌తో బంగారం అతుకుతున్నారు, వేడి రాయిదాకా పోదు. పాలిష్‌కి ఇచ్చే ప్రతిసారీ గోళ్ళు చూడమని ముందే చెప్పండి. ఆ పనికి కారీగర్ అడిగిన మజూరీ ఇవ్వండి, అక్కడ మాత్రం బేరం వద్దు.

మా ఖాలా ఆ అంగూఠీకి అంచు కట్టించి వేరే రాయి పెట్టించింది. పోయినది దొరకలేదు. కారీగర్ మాట విన్న సాయంత్రమే ఆ పిల్ల ఇంటికి వెళ్ళింది, మాఫీ అడగడానికి. పిల్ల బయటికి రాలేదు. వాళ్ళమ్మ కుర్చీ వేసింది, చాయ్ ఇచ్చింది, ఒక్క మాటా మాట్లాడలేదు. ఖాలా చాయ్ తాగి వచ్చేసింది.