పరాయి భాషకూ మన ఒత్తులే ఆసరా

జూన్‌లో బడి తెరవగానే తొప్పూరులో మాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే. "అయ్యవారూ, తమిళం ఎలాగూ చదవాలి, ఇంగ్లీషు వదలకూడదు. ఇక తెలుగెందుకు? రేపు పిల్లవాణ్ణి డాక్టరు చదువుకు చైనా పంపాలనుకుంటున్నాం." 2006 నాటి తమిళ అభ్యసన చట్టంతో తమిళం మొదటి భాగం, ఇంగ్లీషు రెండో భాగం అయ్యాయి. మాతృభాష నాలుగో భాగంలో ఐచ్ఛికంగా మిగిలింది. కాబట్టి ఈ ప్రశ్నలో వింత లేదు. చైనా పేరెత్తారు గనుక ఆ దారినే జవాబు చెబుతాం.

చైనాలో ఇంగ్లీషు మాధ్యమంలో వైద్యం చదవవచ్చన్నది నిజమే. కానీ పాఠం ఇంగ్లీషులో ఉన్నా, రోగి తన బాధ ఇంగ్లీషులో చెప్పడు. 2022 సెప్టెంబరులో బీజింగ్‌లోని మన రాయబార కార్యాలయం విద్యార్థులకు ఈ సంగతి స్పష్టం చేసింది. ఆసుపత్రి శిక్షణకు చైనా భాషలో హెచ్‌ఎస్‌కె పరీక్ష నాలుగో స్థాయి చేరాలి, చేరనివారికి పట్టా రాదు. అప్పటి లెక్కన ఆ స్థాయికి సుమారు 1,200 మాటలు రావాలి.

అవి పుస్తకంతోనే వచ్చేవి కావు. భోజనశాలలో మాంసం వద్దని చెప్పాలి, సంతలో బేరమాడాలి, హాస్టల్ కాపలాదారును పలకరించాలి, రోగి పక్కన నిలబడి నొప్పి ఎక్కడని అడగాలి. మనవాళ్లతోనే వండుకుని, మనవాళ్లతోనే తిరిగే విద్యార్థి అయిదేళ్లున్నా అక్కడ బయటివాడే.

జనంలో కలిసి భాష నేర్వడం మన పిల్లలకు కొత్త కాదు. ఇంట్లో తెలుగు, వీధిలో, బస్సులో, అంగట్లో తమిళం, హోసూరు దాటితే కన్నడం. గోలీలాడుతూనే వాళ్లు తమిళం పట్టేస్తారు. వాళ్లను తమిళానికి దూరంగా ఉంచమని మేం ఏనాడూ చెప్పం. అయితే ఆటలో వచ్చేది మాట. ఆ మాటలోని ధ్వనిని విడదీసి వినే చెవి అక్షరాలతో వస్తుంది. ఆ అక్షరాలు ముందు ఇంటిభాషలో కుదరాలి.

ఒక ఉదాహరణ చెబుతాం. చైనా భాషలో 'పా' అంటే నాన్న. అదే స్వరంతో, ఫలంలోని 'ఫ'ను ఊది పలికినట్టు 'ఫా' అంటే భయపడటం. త-థ, క-ఖ తేడాలు కూడా అక్కడ అర్థాన్ని మార్చేస్తాయి. ఇంగ్లీషు లిపిలో వీటిని బి, పి అని రాస్తారు గనుక కొత్తవారు తడబడతారు. తమిళ లిపి తీరు వేరు, అందులో ఈ జంటలకు విడి అక్షరాలు లేవు. మన వర్ణమాలలో ఉన్నాయి. ఒత్తి పలకడం రెండో తరగతిలో నేర్చిన పిల్లవాడికి ఆ తేడా ముందే తెలుసు. అన్నీ తెలుగే నేర్పుతుందని మేం అనం. 'మా' అన్న ఒక్క మాటను నాలుగు స్వరాల్లో పలికితే తల్లి, నార, గుర్రం, తిట్టడం అని నాలుగు అర్థాలు. అది కొత్తగా సాధన చేయాల్సిందే.

ఏడో శతాబ్దంలో చైనా నుంచే హ్యుయాన్‌త్సాంగ్ మన దేశానికి చదువుకోసం వచ్చాడు. ధాన్యకటకంలో కొన్ని నెలలు ఆగి బౌద్ధ శాస్త్రాలు చదివి, తరువాత కంచికి వెళ్లాడు. ఆంధ్రదేశపు మాట మధ్యదేశపు మాటకంటే వేరనీ, అక్షరాల రూపాలు మాత్రం దాదాపు ఒకటేననీ గమనించి రాశాడు. 645లో స్వదేశం చేరి, తీసుకెళ్లిన గ్రంథాల్లో ఎన్నింటినో సొంత భాషలోకి మార్చాడు. ఇక్కడి భాషలో మునిగినా సొంత భాషను వదల్లేదు గనుకనే అది సాధ్యమైంది.

తోటి ఉపాధ్యాయులకు మా మనవి: సిలబస్ తొందరలో ఒత్తులను దాటవేయకండి. చైనాలో చదివి వచ్చినవారు దగ్గర్లో ఉంటే ఒక పూట బడికి పిలిచి పిల్లలతో మాట్లాడించండి. తల్లిదండ్రులకు: పగలు తమిళ పిల్లలతో ఆడనివ్వండి, రాత్రి పావుగంట తెలుగు చదివించండి. ఐచ్ఛికం అంటే మన ఇష్టానికి వదిలారని అర్థం. ఈ జూన్‌లో చేరిక ఫారం నింపేటప్పుడు ఆ గడిలో తెలుగు అని రాయండి.