ఎదుటివాడి లెక్క

"ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్న సామెతకు సజీవమైన ఉదాహరణ కావాలంటే, ఏప్రిల్ మాసంలో ఇంగ్లండు రెండవ శ్రేణి ఫుట్‌బాల్ జట్ల అభిమానులను చూడాలి. ఇంకా ఆరేడు ఆటలు మిగిలి ఉండగానే కాగితమూ కలమూ పట్టుకుని కూర్చుంటారు. సొంత మైదానంలో ఆట కనుక దీనికి మూడు పాయింట్లు. పరాయి మైదానం కనుక దానికి ఒకటి. అట్టడుగున ఉన్న జట్టుతో కనుక ఇక్కడ కళ్ళు మూసుకుని మూడు. ఆ పక్కనే పోటీదారు జట్టు ఆటలన్నీ వ్రాసి, అది ఎక్కడెక్కడ ఓడిపోగలదో ఉదారంగా అంచనా కడతారు. అన్నీ కూడితే తమ జట్టు ఆరవ స్థానంలో తేలుతుంది. తేలకపోతే మళ్ళీ మొదటినుంచి కూడతారు.

ఈ వ్యాపకాన్ని పరిహసించడం నా ఉద్దేశం కాదు. మైదానంలోకి దిగలేని వాడికి ఆటలో దక్కే వాటా ఆ కాగితం ఒక్కటే. నా అభ్యంతరమల్లా, ఆ కాగితంలో ఒక గడి లోపించింది అన్నదే. ఎదుటి జట్టు పట్టికలో ఎక్కడ ఉన్నదో వ్రాస్తారు. ఆ ఆటనుంచి దానికి ఏమి కావాలో వ్రాయరు. 

ముందుగా రంగస్థలం పరిచయం. ప్రీమియర్ లీగ్‌కు ఒక మెట్టు కింద ఉండేది ఛాంపియన్‌షిప్. నేను ఉదాహరణగా తీసుకుంటున్న 2019-20 పోటీలో 24 జట్లు, ఒక్కొక్క జట్టుకు 46 ఆటలు. గెలిస్తే మూడు పాయింట్లు, డ్రా అయితే ఒకటి. మొదటి రెండు జట్లు నేరుగా పైకి వెళతాయి. మూడు నుంచి ఆరు స్థానాల వరకు నిలిచిన నాలుగు జట్లూ ప్లే-ఆఫ్ ఆడితే, వాటిలో ఒక్కటే పైకి వెళుతుంది. ఆ మెట్టు ఎక్కితే వచ్చే ఆదాయం పది కోట్ల పౌండ్లకు మించినది. అట్టడుగు మూడు జట్లు మాత్రం మూడవ శ్రేణికి జారిపోతాయి.

మనవాళ్ళు గమనించవలసినది ఈ చివరి వాక్యమే. ఐపీఎల్ వేళ మనమూ నెట్ రన్‌రేట్ లెక్కలతో పొద్దుపుచ్చుతాం. కాని అక్కడ అడుగున ఉన్నవాడికి పడిపోవడానికి గొయ్యి లేదు. 2008లో హైదరాబాదు జట్టు డెక్కన్ ఛార్జర్స్ పట్టికలో చిట్టచివర నిలిచింది. ఎక్కడికీ దింపబడకుండా మరుసటి ఏడాది మళ్ళీ ఆడి, 2009లో కప్పు గెలిచింది. అటువంటి పోటీలో చివరి వారం అడుగు జట్టు అంటే ఆశా భయమూ రెండూ తీరిపోయిన జట్టు. ఇంగ్లండులో అలా కాదు. అక్కడ పైన ఉన్నవాడికి ఆశ ఎంతో, కింద ఉన్నవాడికి భయం అంత. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటాం కదా. ప్రాణసంకటంలో ఉన్న ఎలుక పిల్లిని కరవదని ఎవరు చెప్పారు?

2020 జులైలో జరిగినది చూడండి. కరోనా వల్ల మార్చిలో ఆగిన ఆటలు జూన్ 20న ప్రేక్షకులు లేని మైదానాల్లో తిరిగి మొదలయ్యాయి. పశ్చిమ లండనుకు చెందిన బ్రెంట్‌ఫర్డ్ జట్టు ఆ తరువాత వరుసగా ఏడు ఆటలు గెలిచింది. 1947 నుంచి ఆ జట్టు మొదటి శ్రేణి ముఖం చూడలేదు. రెండవ స్థానంలో ఉన్న వెస్ట్ బ్రామ్ జులై 17న హడర్స్‌ఫీల్డ్ చేతిలో 2-1తో ఓడిపోయింది. ఆ హడర్స్‌ఫీల్డ్ కూడా అడుగునుంచి బయటపడాలని పెనుగులాడుతున్నదే. బ్రెంట్‌ఫర్డ్‌కు ఇక మిగిలినవి రెండు ఆటలు: ఒకటి స్టోక్‌తో, రెండవది బార్న్స్‌లీతో. రెండూ కింది సగంలో కొట్టుమిట్టాడుతున్న జట్లే. కాగితం మీద ఇంతకంటె సుళువైన దారి ఉండదు. రెండింటిలో ఏ ఒక్కటి గెలిచినా చాలునని తుది పట్టిక చెబుతోంది.

18న స్టోక్ 1-0తో గెలిచి ప్రమాదంనుంచి బయటపడింది. 22న బార్న్స్‌లీ, బ్రెంట్‌ఫర్డ్ సొంత మైదానంలోనే, ఆఖరి నిమిషాల గోలుతో 2-1గా గెలిచింది. ఆనాడే వెస్ట్ బ్రామ్ కూడా గెలవలేక డ్రాతో సరిపెట్టుకుని 83 పాయింట్ల వద్ద ఆగింది. బ్రెంట్‌ఫర్డ్ 81 వద్ద నిలిచిపోయింది. ఆగస్టు 4న వెంబ్లీలో జరిగిన ప్లే-ఆఫ్ ఫైనల్లోనూ అది ఫుల్‌హామ్ చేతిలో ఓడి, మరొక ఏడాది ఆగవలసి వచ్చింది.

ఇప్పుడు అదే కథను బార్న్స్‌లీ వైపునుంచి చదవండి. యార్క్‌షైర్‌లో ఒకప్పటి బొగ్గుగనుల పట్టణమది. రెండు ఆటలు మిగిలేసరికి ఆ జట్టు వద్ద ఉన్నవి 43 పాయింట్లు. ఎదుట ఉన్నవి ప్లే-ఆఫ్ స్థానంలో ఉన్న నాటింగ్‌హామ్ ఫారెస్ట్, ఏడు వరుస విజయాలతో వచ్చిన బ్రెంట్‌ఫర్డ్. పెద్ద జట్ల అభిమానులు వాడే కొలతతోనే కొలిస్తే రెండు గడుల్లోనూ సున్నాలే. కాని 19న ఫారెస్ట్‌ను అదనపు నిమిషాల్లో చేసిన గోలుతో 1-0గా ఓడించింది. 22న బ్రెంట్‌ఫర్డ్‌ను ఓడించింది. మొత్తం 49. చార్ల్‌టన్ 48 పాయింట్లతో కిందికి జారింది. ఆ చివరి గోలు పడకుండా ఆట డ్రాగా ముగిసి ఉంటే జారేది బార్న్స్‌లీయే. దివాలా ప్రక్రియలోకి వెళ్ళినందుకు విగన్ జట్టుకు 12 పాయింట్ల కోత పడకపోతే, ఆ గెలుపు కూడా చాలేది కాదు. ఒకరి గట్టెక్కడంలో మరొకరి మునక కలిసే ఉంటుంది; పాయింట్ల పట్టికలో ఆ సంగతి కనబడదు.

"అయితే అవసరం ఉన్నవాడే గెలుస్తాడని కొత్త సూత్రం చెబుతున్నావా?" అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. ఎందుకంటే అదే 22వ తేదీన ఆ సూత్రం కూడా తలకిందులైంది. ఫారెస్ట్‌కు చివరి రెండు ఆటల్లో కలిపి ఒక్క పాయింటు వచ్చినా ఆరవ స్థానం దక్కేది. బార్న్స్‌లీ వద్ద అది పోయింది. ఇక చివరి ఆట సొంత మైదానంలో, అప్పటికే గట్టెక్కి, పోయేదీ వచ్చేదీ ఏమీ లేని స్టోక్‌తో. ఫారెస్ట్ 4-1తో ఓడింది. మూడు పాయింట్లు వెనుకబడి, గోల్ తేడాలో అయిదు తక్కువగా ఉన్న స్వాన్సీ అదే సాయంత్రం రెడింగ్‌లో 4-1తో గెలిచింది. ఇద్దరికీ 70 పాయింట్లే. ఒకే ఒక్క గోల్ తేడాతో ప్లే-ఆఫ్ స్వాన్సీది అయింది. అవసరం నిండుగా ఉన్నవాడు బిగుసుకుపోయాడు, ఏ అవసరమూ లేనివాడు చేతులు చాచి ఆడాడు.

కనుక నేను కోరుతున్న ఆ గడి జోస్యం చెప్పదు. చేరిస్తే లెక్క మరింత చిక్కుపడుతుంది కూడా. అయినా అది ఉండాలనే అంటాను. అది లేని కాగితంలో లోకమంతా మన జట్టు కోసం పరచిన మెట్ల వరుస మాత్రమే. ఒక ఊరి పేరు పక్కన "మూడు పాయింట్లు" అని వ్రాసుకోవడం తేలిక. ఆ ఊళ్ళో కూడా ఎవరో అదే రాత్రి నిద్రపట్టక కాగితం ముందు కూర్చున్నారని గుర్తుంచుకోవడం కష్టం. అభిమానం అంటే ఆ రెండవది కూడా తెలిసి, అయినా మన జట్టే గెలవాలని కోరుకోవడం. అది తెలిసినవాడు ఓడినప్పుడు ఎదుటివాడిని అదృష్టవంతుడని ఈసడించడు. గెలిచినప్పుడు అది తన హక్కనీ అనుకోడు.

పట్టికలో స్థానం ఎంత చంచలమో చెప్పడానికి ఒక్క మాట చాలు. 2020 జులైలో చావుతప్పి బయటపడిన బార్న్స్‌లీ, 2021 మేలో అయిదవ స్థానంలో నిలిచి తానే ప్లే-ఆఫ్ ఆడింది. అక్కడ దాన్ని ఓడించిన స్వాన్సీని వెంబ్లీలో 2-0తో ఓడించి బ్రెంట్‌ఫర్డ్ 74 ఏళ్ళ తరువాత మొదటి శ్రేణికి చేరింది. 2022లో బార్న్స్‌లీ మూడవ శ్రేణికి జారిపోయింది. ఈ మూడేళ్ళలో ఏ ఏప్రిల్‌లోనైనా ఈ జట్ల పేర్ల పక్కన అంకెలు వేసినవారు ఎంతమంది, అవి నిజమైనవి ఎన్ని?

వేయకండి అనను. వేయండి. ఎదుటివాడికీ ఒక గడి గీయండి.