వైద్యమూ అమానతే

మన బోగోలు, కావలి ప్రాంతాలలో గల్ఫ్‌లో మనిషి ఉన్న కుటుంబాలు ఎన్నో. సెలవు ముగించుకుని బిట్రగుంటలో రైలెక్కే వారి పెట్టెలో పచ్చళ్ళు, పొడులతో పాటు మందుల పొట్లాలు కూడా ఉంటాయి. ఒకరికి షుగరు బిళ్ళలు, ఒకరికి బి.పి. బిళ్ళలు, ఇంకొకరికి థైరాయిడ్ మందు. అక్కడ ఆసుపత్రులు లేవా అంటే ఉన్నాయి, మన పట్నాల ఆసుపత్రుల కంటే పెద్దవే ఉన్నాయి. మరి ఆరు నెలల మందులు ఇక్కడినుంచి ఎందుకు వెళుతున్నాయి?

మేము విన్న జవాబులలో మొదటిది ఖర్చు. 2022 డిసెంబరులో కువైట్ ప్రభుత్వం విదేశీయులకు క్లినిక్‌లో మందులపై 5 దినార్లు, ఆసుపత్రి ఔట్ పేషెంటు విభాగంలో 10 దినార్లు అదనపు రుసుము విధించింది. ఇళ్ళలో పనిచేసే వారికి, డ్రైవర్లకు ఇది చిన్న మొత్తం కాదు. రెండవది భయం. గల్ఫ్ వీసాకు వైద్య పరీక్ష తప్పనిసరి. క్షయ, హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, సి వంటివి బయటపడితే వీసా రాదు. ఆ పరీక్ష గది దాటి వెళ్ళిన మనిషికి డాక్టరంటే రోగం తగ్గించేవాడు అన్న భావన పోయి, రోగం పట్టిచ్చేవాడు అన్న భావన మనసులో పడుతుంది. అందుకే షుగరును కూడా దాస్తాడు. అప్పులు తీరేవరకు ఎవరికీ తెలియకూడదనుకుంటాడు. కాళ్ళకు పుండ్లు పడ్డాక, మూత్రపిండాలు దెబ్బతిన్నాక గాని సంగతి ఇంటికి తెలియదు.

శాంతిగా ఉన్న దేశంలోనే నమ్మకం పరిస్థితి ఇలా ఉంటే, అల్లకల్లోలమైన దేశంలో ఎలా ఉంటుంది? 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లో ప్రవేశించినప్పుడు అక్కడి భారతీయులు కట్టుబట్టలతో ఎడారి దాటి జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరారు. దాదాపు 1,70,000 మందిని మన ప్రభుత్వం విమానాలలో తీసుకొచ్చింది. 2015లో యెమన్ నుంచి, 2023లో సూడాన్ నుంచి కూడా మనవారిని తరలించవలసి వచ్చింది. సూడాన్ నుంచి వచ్చినవారే 3,800 మందికి పైగా ఉన్నారు. మనవారు విమానమెక్కి వచ్చేశారు. ఆ దేశాల ప్రజలు ఎక్కడికి వెళ్ళగలరు?

బాంబు గాయం అందరికీ కనిపిస్తుంది. దీర్ఘరోగం కనిపించదు. డయాలసిస్ రోగికి వారానికి రెండు మూడు సార్లు యంత్రం కావాలి. ఇన్సులిన్ మీద బ్రతికే పిల్లవాడికి రోజూ సూది కావాలి, ఆ మందుకు చల్లదనం కావాలి. క్షయ రోగి కనీసం ఆరు నెలలు మానకుండా మందు మింగాలి. మధ్యలో మానితే రోగం మందుకు లొంగని మొండి రూపం దాల్చవచ్చు. కరెంటు పోయినా, దారులు మూసుకుపోయినా ముందుగా ప్రాణం మీదికి వచ్చేది వీరికే. సూడాన్ రాజధాని ఖార్తూమ్‌లో జరిగింది ఇదే. ఆసుపత్రులు ఒక్కొక్కటిగా మూతపడుతుంటే డయాలసిస్ అందక ప్రాణాలు పోయాయి. వారి శరీరాల మీద తూటా గాయం లేదు.

అరబీ భాషలో అమ్న్ అంటే శాంతి భద్రతలు. అమానత్ అంటే నమ్మి అప్పగించినది. ఈమాన్ అంటే విశ్వాసం. మూడూ ఒకే ధాతువు నుంచి పుట్టిన మాటలు. ఒక దేశంలో అమ్న్ పోతే దాని వెంట అమానత్ కూడా పోతుందని ఈ కాలపు సంఘటనలు చూపుతున్నాయి. రోగి తన శరీరాన్ని, తన రహస్యాన్ని వైద్యుడికి అప్పగిస్తాడు. అది అమానత్. దానికి ద్రోహం జరిగితే ఎంత గొప్ప మందు ఉన్నా రోగి దగ్గరకు రాడు.

ఆ ద్రోహం రెండు విధాల జరుగుతున్నది. మొదటిది ఆసుపత్రినే లక్ష్యం చేసుకోవడం. 2015 అక్టోబరు 3న ఆఫ్ఘనిస్తాన్‌లోని కుందూజ్‌లో 'సరిహద్దులు లేని వైద్యులు' సంస్థ నడిపే ఆసుపత్రిపై అమెరికా విమానం దాడి చేయగా 42 మంది మరణించారు. గాజాలో క్యాన్సర్‌కు ప్రత్యేకించిన ఏకైక ఆసుపత్రి 2023 నవంబరులో మూతపడింది. 2025 మార్చిలో ఇజ్రాయెల్ సైన్యం దానిని పేల్చివేసింది. ఆసుపత్రులను, వైద్యులను కాపాడాలని ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 2016 మేలో చేసిన తీర్మానం దానిని ఆపలేకపోయింది. చికిత్స కోసం వెళ్ళే చోటనే చావు ఉంటుందని తెలిశాక ఏ తల్లి తన బిడ్డను అక్కడికి తీసుకువెళ్తుంది?

రెండవది వైద్యాన్ని ముసుగుగా వాడడం. 2011లో ఒసామా బిన్ లాడెన్ జాడ కోసం అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఎ. పాకిస్తాన్‌లోని అబోటాబాద్‌లో ఒక డాక్టరు చేత హెపటైటిస్ టీకాల శిబిరం నడిపించింది. ఆ సంగతి బయటపడ్డాక టీకా పెట్టె మోసుకొచ్చే ప్రతి ఆడకూతురూ గూఢచారిణిగా అనుమానింపబడింది. 2012 డిసెంబరులో పోలియో కార్యకర్తలను కాల్చి చంపారు. 2014లో ఆ దేశంలో 306 మంది పోలియో బారిన పడ్డారు. ఇకపై టీకాలను గూఢచర్యానికి వాడబోమని సి.ఐ.ఎ. మాట ఇచ్చినట్లు అమెరికా అదే ఏడు ప్రకటించింది. కాని చచ్చుబడిన పసికాళ్ళు ఆ ప్రకటనతో లేచి నడవవు. కార్యకర్తలను చంపినవారి పాపం చంపినవారిదే, అందులో సందేహం లేదు. వారికి ఆ సాకు అందించినవారి పాపం కూడా మరువరానిది.

ఇదే పోలియో విషయంలో మన దేశం చూపిన దారి వేరు. చుక్కలు వేయిస్తే పిల్లలు పుట్టరని పశ్చిమ ఉత్తరప్రదేశ్ ముస్లిం పేటలలో పుకారు పుట్టింది. ప్రభుత్వం బెదిరింపులతో సరిపెట్టి ఉంటే ఆ పుకారు ఇంకా బలపడేది. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా, జామియా హమ్‌దర్ద్ ముందుకు వచ్చాయి. ఉలమాలు, మసీదుల ఇమాములు తమ నోటితో చెప్పారు. అదే పేట ఆడపడుచులు ఇల్లిల్లూ తిరిగారు. 2009లో దేశంలో 741 పోలియో కేసులు ఉండగా, 2011 జనవరి తరువాత సహజ పోలియో కేసు ఒక్కటీ రాలేదు. 2014 మార్చి 27న భారతదేశంతో కూడిన ఆగ్నేయాసియా ప్రాంతం పోలియో రహితమైనట్లు ధృవీకరణ లభించింది. చుక్కల మందు రెండు దేశాలలోనూ ఒకటే. దానిని తెచ్చిన మనిషిపై ఉన్న ఎతెబార్‌లోనే తేడా ఉంది.

మన చరిత్రలోనూ ఇందుకు సాక్ష్యం ఉంది. 1154లో సుల్తాన్ నూరుద్దీన్ జంగీ దమిష్క్ నగరంలో బీమారిస్తాన్ అనే ఆసుపత్రి కట్టించాడు. అది నెమ్మదైన కాలం కాదు. తీరమంతా క్రూసేడర్ల చేతిలో ఉంది. వందేళ్ళు దాటాక 1258లో మంగోలులు బాగ్దాద్‌ను నేలమట్టం చేశారు. అయినా ఆ ఆసుపత్రి శతాబ్దాల పాటు నడిచింది. అక్కడి మందుతో కోలుకున్న ఖలావూన్ తరువాత సుల్తాన్ అయి 1284లో కైరోలో మరింత పెద్ద ఆసుపత్రి నిర్మించాడు. పాలకులు మారుతున్నా ఇవి నిలబడడానికి కారణం వక్ఫ్. దుకాణాల అద్దెలు, భూముల ఆదాయం రోగుల పేరిట శాశ్వతంగా రాసిపెట్టారు. సింహాసనం మీద ఎవరున్నా తన మందు ఆగదన్న భరోసా రోగికి ఉండేది.

మనం యుద్ధాలను ఆపలేము. మన చేతిలో ఉన్న అమానత్‌ను మాత్రం కాపాడగలం. అల్లకల్లోలం యుద్ధంతోనే రాదు. 1989 నవంబరులో పెనుతుఫాను కావలి దగ్గరే తీరం దాటింది. 2020లో లాక్‌డౌన్ వచ్చింది. కాబట్టి దీర్ఘరోగం ఉన్న ప్రతి ఇంట్లో ఒక నెల మందు ముందుగా ఉండాలి. రోగం పేరు, మందు పేరు, మోతాదు ఒక కాగితం మీద రాసి జేబులో ఉంచుకోవాలి. రాసేది కంపెనీ పెట్టిన పేరు కాదు, మందు అసలు పేరు. కంపెనీ పేర్లు దేశదేశానికి మారుతాయి, మెట్‌ఫార్మిన్ ఎక్కడైనా మెట్‌ఫార్మినే. ఫ్రిజ్ పనిచేయనప్పుడు ఇన్సులిన్ సీసాను తడి తగలకుండా కవరులో చుట్టి, తడి ఇసుకలో ఉంచిన మట్టికుండలో నీడన పెడితే ఎండదెబ్బ తగ్గుతుంది.

గల్ఫ్‌కు మందు తీసుకువెళ్ళేవారి దగ్గర డాక్టరు చీటీ తప్పక ఉండాలి. ట్రమడాల్ వంటి నొప్పి బిళ్ళలు, కోడీన్ కలిసిన దగ్గు మందులు అక్కడ చట్టం దృష్టిలో మత్తుమందులు. వాటివల్ల జైలు పాలయ్యే ప్రమాదముంది. ఎవరో ఇచ్చిన పొట్లాన్ని విప్పి చూడకుండా పెట్టెలో వేసుకోవడం మంచితనం అనిపించుకోదు. ఇంటినుంచి పంపిన బిళ్ళలు రక్త పరీక్షకు బదులు కాజాలవు. ఏడాదికి ఒకసారైనా డాక్టరు చూడాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది మన నోరు. ఫలానా ఇంటి పిల్లవాడికి క్షయ అట, ఫలానా అమ్మాయికి షుగరు అట అని వీధిలో చెప్పేవారికీ, రోగం బయటపెట్టి పొట్టకొట్టే వ్యవస్థకూ తేడా ఏముంది? సంబంధం తప్పిపోతుందన్న భయంతో ఎందరు ఆడపిల్లలు మందు మానుకుంటున్నారో ఇంటి పెద్దలు ఆలోచించాలి. వైద్యం చేయించుకోమని బోధించినవారు స్వయంగా దైవప్రవక్త ముహమ్మద్ (స). దుఆ చేయాలి, మందూ మింగాలి. తావీజ్ ఇచ్చి మందు మాన్పించేవారి మాట వినకూడదు.

మసీదు కమిటీలు సంకల్పిస్తే ఒక గదిలో బి.పి. యంత్రం, షుగరు పరీక్ష యంత్రం ఉంచడం కష్టం కాదు. వారానికి ఒకరోజు నర్సు వచ్చి చూడవచ్చు. ఫలితం రోగికి తప్ప మరొకరికి తెలియకూడదు. హిందూ సోదరులకు కూడా ఆ తలుపు తెరిచి ఉండాలి, బీమారిస్తాన్ తలుపులు అన్ని మతాల వారికీ తెరిచే ఉండేవి. అల్లాహ్ రోగులందరికీ షిఫా ప్రసాదించుగాక, వారి రహస్యాలను కాపాడే మనసు మనకు ప్రసాదించుగాక. ఆమీన్.