బోర్డు చెప్పినంత కూడా చెప్పని హోమ్ పేజీ

గుంటూరు కొత్తపేటలోనో, విజయవాడ సూర్యారావుపేటలోనో వరసగా కనిపించే డాక్టర్ల బోర్డులు చూడండి. పేరు, చదువు, ఏ జబ్బులు చూస్తారు, ఏ వేళల్లో ఉంటారు. అందం సంగతి ఎవరూ పట్టించుకున్నట్టు ఉండదు. కానీ ఆటో దిగిన మనిషికి లోపలికి వెళ్లాలా, పక్క గుమ్మం ఎక్కాలా అన్నది ఆ నాలుగు వరుసల్లోనే తేలిపోతుంది. ఈ మధ్య వస్తున్న క్లినిక్‌ల వెబ్‌సైట్లు చాలావాటిలో ముందుగా కనిపించేది తెర నిండా చేతులు కట్టుకుని నవ్వుతున్న ఫొటో, దాని మీద “మీ ఆరోగ్యమే మా ధ్యేయం” అనే వాక్యం. ఆయన ఎముకలు చూస్తారా, గుండె చూస్తారా తెలియాలంటే ఫోన్ మీద వేలు జరుపుకుంటూ కిందికి పోవాలి.

ఇది డిజైనర్ల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. జీఎస్-2లో ఆరోగ్యం, జీఎస్-4లో వృత్తి నైతికత రెండూ ఇక్కడ కలుస్తాయి. నా వాదన ఇది: ప్రైవేటు క్లినిక్ వెబ్‌సైట్‌లో మొదటి తెరను బోర్డుగానే చూడాలి, బోర్డుకున్న నియమాలే దానికీ పెట్టాలి.

ఆ నియమాలు మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్నాయి. 2002 నాటి భారత వైద్య మండలి వృత్తి ప్రవర్తనా నిబంధనల ప్రకారం డాక్టరు అసాధారణంగా పెద్ద బోర్డు పెట్టకూడదు. దాని మీద పేరు, విశ్వవిద్యాలయం లేదా చట్టబద్ధ సంస్థ ఇచ్చిన అర్హతలు, బిరుదులు, స్పెషాలిటీ, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ పేరుతో సహా రిజిస్ట్రేషన్ నంబరు తప్ప మరేమీ రాయకూడదు. బోర్డు మీద సొంత ఫొటో వేసుకోవడాన్ని స్వీయ ప్రచారంగా, అనైతిక ప్రవర్తనగా లెక్కగట్టారు. రోగులను తన వైపు తిప్పుకునే ప్రకటనలనూ నిషేధించారు. అయితే ఫీజులు బహిరంగంగా చెప్పడానికి మాత్రం అనుమతి ఉంది. గది బోర్డు మీద ఫీజు స్పష్టంగా రాయాలని మరో నిబంధన కూడా ఉంది. అంటే, దాదాపు పాతికేళ్ల కిందటి ఈ నిబంధన వద్దన్న ఫొటో ఇవాళ హోమ్ పేజీలో మొదట ఉంటుంది, రాయమన్న ఫీజు ఎక్కడా ఉండదు.

సోషల్ మీడియాకు కూడా మార్గదర్శకాలు చేర్చి జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు 2న కొత్త నిబంధనలు నోటిఫై చేసింది. అదే నెల 23న వాటిని నిలుపుదల చేసింది. దాంతో మళ్లీ 2002కే వచ్చాం. (ఎథిక్స్ పేపర్లో “చట్టం మౌనంగా ఉన్నచోట వృత్తి విలువలు” అన్న ప్రశ్న వస్తే ఇంతకంటే దగ్గరి ఉదాహరణ వెతకనక్కర్లేదు.)

వైద్యానికి ఇంత పట్టుదల ఎందుకు? కెన్నెత్ ఆరో 1963లో రాసిన వ్యాసం నుంచి ఆర్థికశాస్త్రం చెబుతున్నదే కారణం. చీర కొనేవాళ్లకు చీర సంగతి తెలుసు. వైద్యం కొనేవాళ్లకు తమకేం కావాలో అమ్మేవారే చెప్పాలి. ఈ సమాచార అసమానత ఉన్నచోట ఆకర్షణీయమైన మాట మామూలు సరుకు ప్రకటన కంటే ఎక్కువ హాని చేస్తుంది. ఖర్చు సంగతి కూడా చూడండి. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం మొత్తం ఆరోగ్య వ్యయంలో జనం జేబులోంచి పెట్టే వాటా 2013-14లో 64.2 శాతం, 2021-22లో 39.4 శాతం. తగ్గిన మాట నిజమే. అయినా వందకు 39 రూపాయలు సొంతంగా పెట్టుకునే మనిషి బయల్దేరే ముందే ఫీజు ఎంతో అడగడం న్యాయమే.

మరి ఆ మొదటి తెర మీద ఏం ఉండాలి? ఉదాహరణకు పిల్లల డాక్టరు అనుకుందాం. “పుట్టినప్పటి నుంచి 14 ఏళ్ల వరకు పిల్లల వైద్యం. ఎంబీబీఎస్, ఎండీ పీడియాట్రిక్స్, రిజిస్ట్రేషన్ నంబరు ఫలానా. సోమవారం నుంచి శనివారం వరకు, ఉదయం 10 నుంచి 1, సాయంత్రం 5 నుంచి 8. కన్సల్టేషన్ 400 రూపాయలు; వారంలోపు మళ్లీ చూపించుకుంటే ఫీజు లేదు. రాత్రిపూట ఎమర్జెన్సీ చూడము, 108కి ఫోన్ చేయండి.” ఆ కింద ఫోన్ నంబరు, నొక్కితే కాల్ వెళ్లేలా. అంతే. చివరి వాక్యం రాయడానికి చాలామంది డాక్టర్లు జంకుతారు, తమ తక్కువ బయటపడుతుందని. నా దృష్టిలో ఆ తెర మీద అన్నిటికంటే విలువైనది అదే. ఫిట్స్ వచ్చిన బిడ్డను ఎత్తుకుని తాళం వేసిన గుమ్మం దాకా వెళ్లే దారి తప్పుతుంది.

ఇదంతా తెలుగులో ఉండాలి. 2012 నాటి కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ నియమాలు రేట్లను స్థానిక భాషలోనూ ఇంగ్లిషులోనూ అందరికీ కనిపించేచోట పెట్టమంటాయి. అందరికీ కనిపించే చోటు ఇప్పుడు గోడ కంటే ఫోనే. తెలంగాణ ఆ కేంద్ర చట్టాన్ని స్వీకరించింది, ఆంధ్రప్రదేశ్‌కు 2002 నాటి సొంత చట్టం ఉంది. కాబట్టి అడగాల్సిన తలుపులు రెండు వేర్వేరు.

అభ్యంతరాలు లేకపోలేదు. ఫీజు బయటపెడితే వైద్యం బేరాల అంగడి అవుతుందంటారు. కానీ కన్సల్టేషన్ ఫీజు రిసెప్షన్‌లో అడిగితే చెప్పేదే, దాచాల్సిన రహస్యం కాదు. ఆపరేషన్ ఖర్చు మనిషిని బట్టి మారుతుంది కనుక దాన్ని మొదటి తెర మీద పెట్టమని నేనూ అనను. రెండో అభ్యంతరం బలమైనది. నిబంధనల్లో సంస్థల ప్రస్తావన ఉన్నా, క్రమశిక్షణ చర్య తీసుకునే అధికారం కౌన్సిల్‌కు రిజిస్టరైన డాక్టరు మీదే ఉంది. వీధి చివర ఒంటరి డాక్టరు ఫొటో తీసేయాలి, కార్పొరేట్ ఆసుపత్రి మాత్రం హోర్డింగులు పెట్టుకుంటుంది. ఈ తేడా పోవాలంటే డాక్టరు రిజిస్ట్రేషన్‌తో ఆగకూడదు, సంస్థ రిజిస్ట్రేషన్‌ను పట్టుకోవాలి. రెన్యువల్ దరఖాస్తులో రెండు గడులు చేర్చితే సరిపోతుంది: వెబ్‌సైట్ చిరునామా ఒకటి, దాని మొదటి తెర ప్రింటు ఒకటి. తనిఖీకి వచ్చిన అధికారి గోడ మీది రేట్ల పట్టికతో పాటు తన ఫోన్‌లో ఆ పేజీ కూడా తెరిచి చూడవచ్చు.