ఓట్లు వేరు, పాఠకులు వేరు

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగు యువత రాయాలనుకుంటే ఇవాళ పత్రికల కోసం ఎదురుచూడనక్కరలేదు. సెల్‌ఫోన్ చాలు. పైగా రాస్తే డబ్బు కూడా వస్తుందని బ్లాక్‌చైన్ వేదికలు ఆశపెడుతున్నాయి. డబ్బు మాట పక్కనపెట్టి మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: అక్కడ మన రాతలను నిజంగా చదివేవారు ఎవరు?

నెడ్ స్కాట్, డాన్ లారిమర్ 2016లో స్టీమిట్‌ను ప్రారంభించారు. రాతకు 7 రోజుల పాటు పడిన ఓట్లను బట్టి క్రిప్టో నాణేలు వస్తాయి. రాసినవారికి సగం, ఓటు వేసినవారికి సగం. అయితే అందరి ఓటూ సమానం కాదు. ఎవరి దగ్గర ఎక్కువ నాణేలుంటే వారి ఓటుకే ఎక్కువ బరువు. దాంతో చదవకుండానే ఓటు వేయడం, ఓట్లు మార్చుకోవడం, చివరికి ఓట్లు అమ్మే బాట్‌లు కూడా వచ్చాయి. 2020 ఫిబ్రవరిలో జస్టిన్ సన్ ఆ కంపెనీని కొన్నాక గొడవ ముదిరింది. కొన్ని ఎక్స్‌ఛేంజీలు ఖాతాదారులు దాచుకున్న నాణేలతోనే ఓటు వేశాయి. చాలామంది బయటికొచ్చి మార్చి 20న హైవ్‌ను ఏర్పాటు చేసుకున్నారు. యజమాని మారినా నాణేలను బట్టి ఓటు విలువ కట్టే పద్ధతి మాత్రం మారలేదు.

సామాజిక న్యాయం కోరే మనం దీన్ని గమనించాలి. ధనవంతుడి ఓటుకు ఎక్కువ విలువ ఇచ్చే చోట సిప్కాట్ కాంట్రాక్టు కార్మికురాలి కథ పైకి రావడం కష్టం. ఆ కథను ఓట్లతో తూచకూడదు.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. తమిళనాడు ప్రభుత్వం 2006లో తెచ్చిన చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవడంలో తప్పేమీ లేదు, కానీ బడిలో తెలుగుకు చోటు కుంచించుకుపోయింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు అక్షరం చదవలేని పిల్లలు మన మధ్య పెరుగుతున్నారు. ఎన్ని ఓట్లు పడినా వీళ్లను పాఠకులుగా చేయలేవు. అందుకే ముందు మన ఊళ్లలోనే పాఠకులను తయారుచేసుకోవాలి.

అందుకు మేము కోరేది ఇది. మొదటిది, మనం మాట్లాడే తెలుగులోనే రాయాలి. 'మొరసునాడు కథలు' చదివినవారికి ఈ నేల మాటలో ఎంత బలముందో తెలుసు. గులాబీ తోటల్లో పనిచేసే కూలీల గురించి, మామిడి రైతు అప్పు గురించి, రాతి క్వారీల దుమ్ము గురించి రాస్తే చదవడానికి మనవాళ్లకు కారణం దొరుకుతుంది. రెండోది, ప్రతి రాతకూ ఆడియో జోడించాలి. అక్షరం రాని తమ్ముడూ చెల్లీ ముందు వింటారు, తర్వాత చదవాలనుకుంటారు. వారానికోసారి నలుగురు యువకులు కూర్చుని గట్టిగా చదివి, పక్కవారికి అక్షరాలు చూపించినా చాలు. మూడోది, మనం ఇతరుల రాతలు చదివి రెండు ముక్కలు అభిప్రాయం రాయాలి. "బాగుంది" అని వదిలేయకుండా ఏది తాకిందో, ఎక్కడ ఒప్పుకోలేదో చెప్పాలి. మనం చదివితేనే మనల్ని చదువుతారు. నాలుగోది, ఓట్లు కొనవద్దు, మార్చుకోవద్దు.

రెండు హెచ్చరికలు కూడా. బ్లాక్‌చైన్‌లో చేరిన రాత పూర్తిగా చెరగదు. దిద్దినా పాత రూపం నిలిచే ఉంటుంది. అన్యాయాన్ని బయటపెట్టే రాతకు ఇది రక్షణ. కానీ దాడికి గురైన అమ్మాయి పేరో ఊరో ఒక్కసారి పడితే జీవితాంతం ఆమెను వెంటాడుతుంది. బాధితుల వివరాలు ఎప్పుడూ పెట్టకండి. ఇక డబ్బు సంగతి: నాణెం ధర ఇవాళున్నట్టు రేపుండదు. క్రిప్టో లాభం మీద 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం పన్ను ఉంది. ఇది జీతానికి బదులు కాదని ఇంట్లో చెప్పి మొదలుపెట్టండి. ఖాతా తాళంచెవిలాంటి ప్రైవేట్ కీ ఎవరికీ ఇవ్వకండి.

వంద ఓట్లు పడిన రాతను ఒక్కరూ చదవకపోవచ్చు. ఓట్లే పడని రాతను చదివి ఒక కార్మికుడు తన హక్కు తెలుసుకోవచ్చు. మన యువత ఈ రెండో రకం రాతను ఎంచుకోవాలని, చదవడం రాని ఒక్కరికైనా ఈ నెలలోనే తెలుగు అక్షరం నేర్పాలని కోరుతున్నాం.